గ్రేస్ అవెన్యూలో చైనావాళ్ల జాడ

ఆక్లాండ్ టౌన్‌హాల్ పక్కనుంచి పైకి ఎక్కే రోడ్డే గ్రేస్ అవెన్యూ. ఒకప్పుడు ఇక్కడ చైనావాళ్ల కొట్లు, హోటళ్లు, బస గదులు ఉండేవి. ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ పల్లెలవాళ్లు. న్యూజిలాండ్‌లో దిగాలంటే 1881 నుంచి తలకి 10 పౌండ్ల పన్ను. 1896లో అది 100 పౌండ్లయింది. చైనావాళ్లకి తప్ప ఇంకెవరికీ లేదు! అప్పుచేసి కట్టి, ఏళ్లతరబడి తీర్చుకున్నారు. చాలామంది పెళ్లాంపిల్లల్ని తెచ్చుకోలేకపోయారు. ఆ పన్ను చట్టం 1944లో రద్దయింది. 2002లో ప్రధాని హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పారు. ఆ పాత కొట్లు మాత్రం కూల్చేశారు.

ఆ పన్నుకి వాళ్ల దగ్గర సర్కారు కాగితమైనా ఉండేది. ఏజెంటుకి లక్షలు పోసి వచ్చే మనవాళ్లలో చాలామందికి అదీ ఉండదు. రసీదు అడగండి, తీసుకుని దాచుకోండి.