స్కౌట్ రైఫిల్

స్కౌట్ రైఫిల్ ఒక మనిషి రోజంతా భుజాన మోయగల పొట్టి, తేలికపాటి బోల్ట్ యాక్షన్ తుపాకి. ఈ ఆలోచన అమెరికా మెరీన్ దళ మాజీ అధికారి జెఫ్ కూపర్‌ది. 1983లో అరిజోనాలోని గన్‌సైట్‌లో జరిగిన సమావేశం దీని లక్షణాలను చర్చించింది. పొడవు 1 మీటరు, బరువు 3 కిలోలు (గరిష్ఠంగా 3.5), తూటా .308 వించెస్టర్ అన్నవి ప్రధాన కొలతలు. 200 గజాల నుంచి కాల్చిన 3 తూటాలు 4 అంగుళాల లోపు పడాలి. తక్కువ శక్తి గల స్కోపును బోల్టుకు ముందు, గొట్టం మీద బిగిస్తారు. దానివల్ల రెండు కళ్లూ తెరిచి గురిచూడవచ్చు, పైనుంచి క్లిప్పుతో తూటాలు నింపవచ్చు. మసక వెలుతురులో మాత్రం మామూలు స్కోపే మేలు. ఈ తరహా తుపాకుల్లో స్టెయర్ స్కౌట్ 1990ల చివర్లో, రూగర్ గన్‌సైట్ స్కౌట్ 2011లో వచ్చాయి. రూగర్ బరువు 3 కిలోలు దాటింది.

ఇలాంటి తుపాకి ఉంచుకోవడానికి మలేసియా అంతటా 1960 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. అక్కడి 1971 నాటి మరో చట్టం కింద అక్రమంగా తుపాకి ఉంచుకుంటే 14 ఏళ్ల వరకు జైలు, 6కు తగ్గకుండా బెత్తం దెబ్బలు. భారతదేశంలో 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారుకు 2 తుపాకులే పరిమితి.