జెడ్డా బంగారానికి రెండు కేసులు

1949 నవంబరు 6. జెడ్డా నుంచి వచ్చి బొంబాయి శాంతాక్రజ్ విమానాశ్రయంలో దిగిన మక్బూల్ హుస్సేన్, తన దగ్గర బంగారం ఉన్న సంగతి కస్టమ్స్ వారికి చెప్పలేదు. సోదా చేస్తే 107.2 తులాలు బయటపడింది. సముద్ర కస్టమ్స్ చట్టం కింద దాన్ని జప్తు చేశారు. నాలుగు నెలల్లోగా రూ.12,000 జరిమానా కడితే విడిపించుకోవచ్చన్నారు. ఆయన కట్టలేదు, బంగారం పోయింది. అది చాలదన్నట్టు 1950 మార్చిలో విదేశీ మారకద్రవ్య చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ కేసు పెట్టారు.

రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. ఒకే నేరానికి ఎవరినీ ఒకసారికి మించి ప్రాసిక్యూట్ చేసి శిక్షించకూడదని 20(2) అధికరణం చెబుతోంది. దాన్నే పట్టుకుని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1953 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కస్టమ్స్ అధికారి న్యాయస్థానం కాదు, ఆయన చేసిన జప్తు కోర్టు వేసిన శిక్ష కిందికి రాదు, కాబట్టి కేసు నడవాల్సిందే.

తీర్పును తప్పుపట్టలేం. ఈ రక్షణకు గుమ్మం ఇరుకైంది అంతకు ముందే, రాజ్యాంగ సభలో. ముసాయిదాలో ‘ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదు’ అన్నంత వరకే ఉండేది. 1948 డిసెంబరు చర్చల్లో టి.టి.కృష్ణమాచారి ఒక సందేహం లేవనెత్తారు. శాఖాపరమైన శిక్ష పడ్డ ప్రభుత్వోద్యోగి, దాన్నే అడ్డుపెట్టుకుని కోర్టు కేసు తప్పించుకుంటే ఎలా? అలా ‘ప్రాసిక్యూట్ చేసి’ అన్న మాట వచ్చి చేరింది. ఆ భయం న్యాయమైనదే. లంచం తిన్నవాడు ఇంక్రిమెంటు కోతతో బయటపడితే ఎవరు ఒప్పుకుంటారు?

కానీ ఆ మాట ఉద్యోగులతో ఆగలేదు. ప్రాసిక్యూషనూ జరగాలి, శిక్షా పడాలి. రెండూ ఉంటేనే 20(2) పనిచేస్తుంది. అంటే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి, నిర్దోషిగా విడుదలైన మనిషికి ఈ అధికరణంలో చోటు లేదు! అతణ్ని కాపాడేది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. 1898 కోడ్‌లో 403వ సెక్షన్, 1973 కోడ్‌లో 300, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 337. దోషిగా తేలినా, నిర్దోషిగా బయటపడినా మళ్లీ విచారించకూడదని ఇక్కడ స్పష్టంగా ఉంది. కాకపోతే ఇది పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చేయగల చట్టం. నిర్దోషి రక్షణ ప్రాథమిక హక్కుల్లో ఉండాల్సింది.

ఆ సెక్షన్ విలువ తెలిపిన కేసు ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. చెక్ బౌన్స్ కేసులో శిక్ష పడ్డ వ్యక్తిపై అవే వాస్తవాలతో మోసం కేసూ నడిపారు. 2011లో సుప్రీంకోర్టు, 300వ సెక్షన్ పరిధి రాజ్యాంగ అధికరణం కన్నా విశాలమైనదంటూ ఆ రెండో కేసును కొట్టేసింది. మరుసటి ఏడాదే గుజరాత్ కేసులో మరో ధర్మాసనం అలాంటి రెండో కేసు నడపొచ్చంది. 2022లో ఈ చిక్కుముడిని విస్తృత ధర్మాసనానికి నివేదించారు.