ఊపిరి కాచిన బిడ్డ

2023 ఫిబ్రవరి 26, ఆదివారం రాత్రి, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ అమ్మాయి కన్నుమూసింది. వయసు ఇరవై ఆరు. జనగామ జిల్లాలోని ఒక లంబాడా తండా బిడ్డ. డాక్టరై, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యం పీజీలో చేరి నిండా నాలుగు నెలలైనా కాలేదు. అంతకు నాలుగు రోజుల ముందు, ఎంజీఎం ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగానే, తెల్లవారేసరికి స్పృహ లేకుండా కనిపించింది. ఈ కథ ఎక్కడ ముగుస్తుందో మనకు తెలుసు. తెలిసీ మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటాం, ఈసారైనా ఎక్కడో ఒకచోట దారి మళ్లుతుందేమోనని.

తండాలో ఒక ఆడపిల్ల డాక్టరైతే ఆ చదువు ఒక్క ఇంటిది కాదు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకు, కాన్పుకు భయపడే కోడలికి, పలక పట్టిన ప్రతి పిల్లకు అందులో వాటా ఉంటుంది. అంతమంది ఆశను మోస్తున్న బిడ్డ నోట "నావల్ల కావడం లేదు" అన్న మాట ఎంత కష్టంగా వస్తుందో!

ఆమె ఎంచుకున్న పని చూడండి. ఆపరేషన్ బల్ల మీద రోగి నిద్రపోతాడు. తలాపున మత్తు డాక్టర్ మేలుకొని ఉండాలి. నాడి, బీపీ, ఆక్సిజన్, లేచి పడే ఛాతీ, వీటి మీంచి చూపు మరలకూడదు. జనగామ నుంచి, మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి ఎంజీఎంకు రాత్రంతా అంబులెన్సులు వస్తూనే ఉంటాయి. పీజీ అక్కడ విద్యార్థీ, పనిమనిషీ, రోగికి మొదటి దిక్కూ. పుస్తకం తెరవాలి, వార్డుకు పరుగెత్తాలి, దొరికినప్పుడు ఇంత తినాలి. జూనియర్ డాక్టర్లు ఏకబిగిన ముప్పై ఆరు గంటలు పనిచేశారంటే ఈ దేశంలో ఎవరూ ఉలిక్కిపడరు. డ్యూటీ ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే రాసిపెట్టింది. ఆమె పుట్టకముందే పుట్టిన కాగితం అది. ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చేనాటికి ఆమె పసిబిడ్డ. ఆమెను కాయాల్సినవన్నీ ఆమెతోపాటే పెరిగాయి. అవసరమైన రాత్రి ఒక్కటీ పక్కన లేదు.

ఒక సీనియర్ వేధిస్తున్నాడని ఇంట్లో చెప్పుకుంది. తండ్రి పోలీసులకు చెప్పాడు. 21న కాలేజీ పెద్దలు పిలిపించి మాట్లాడారు. తర్వాత ఆ సీనియర్‌పై కేసు, అరెస్టు, ఊరూరా నిరసనలు. తప్పొప్పులు, చావుకు కారణాలు తేల్చాల్సింది న్యాయస్థానం. నా మనసు మాత్రం ఆ 21వ తేదీ దగ్గరే ఆగిపోతుంది. ఆ గదిలోంచి బయటికొచ్చిన పిల్లను ఎవరైనా ఆపి, "ఇవ్వాళ డ్యూటీ వద్దు బిడ్డా, అమ్మ దగ్గరికి పోయి కంటినిండా పడుకో" అని ఉంటే! సెలవు చీటీ మీద ఒక్క సంతకం. ఆ రాత్రి ఆమె మళ్లీ డ్యూటీలోనే ఉంది. మనసులోని బరువు చెప్పుకోవడానికి ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ సేవను, 14416 నంబరుతో, అప్పటికి నాలుగు నెలల ముందే మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలికే నంబరది. ఆస్పత్రుల డ్యూటీ గదుల గోడల మీద దాన్ని ఎందరు చూశారో.

2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దంది, వారానికో రోజు సెలవు ఇమ్మంది, ఏడెనిమిది గంటల నిద్ర కావాలంది. 48 గంటల మాట 74కు పెరిగింది. అదైనా ఆమెకు ఏడాదిన్నర ఆలస్యం.

ఆమె పీజీలో చేరిన రోజుల్లోనే, 2022 నవంబర్ 15న, మానుకోటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మరుసటేడు సెప్టెంబర్ 15న జనగామలో, భూపాలపల్లిలో. సొంత జిల్లాలో కాలేజీ తెరిచేనాటికి ఆమె లేదు. మానుకోటలో నూట యాభై సీట్లు, మిగతా రెండుచోట్ల వందేసి. ఆ పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు రాత్రి డ్యూటీలకు వస్తారు. ఉండి ఉంటే ఈ ఆస్పత్రుల్లో ఎక్కడో ఒకచోట, పీజీ ముగించి, వాళ్లకు ఆమే సీనియర్ అయ్యేది.