పాత బడి హాలు – దాని పుట్టుపూర్వోత్తరములు

మనలో నడివయసు దాటినవారు చాలామంది అ ఆలు దిద్దినది మిషను బడి హాలులోనే. నేనూ అంతే. ఐదు తరగతులకు ఒకటే గది. ఒక మూల ఎక్కాలు, ఇంకొక మూల పద్యాలు. ఆదివారం వస్తే నల్లబల్లలు గోడవారకు జరిపి చాపలు పరిచేవారు, అదే గుడి. మధ్య గోడలు కట్టడానికి డబ్బు చాలలేదేమో అనుకొనేవాణ్ణి. అదీ కొంత నిజమే కాని, ఈ హాలు పుట్టుక మన వీధి అరుగు మీదనే ఉన్నదని వేదాంత కళాశాలలో చదివేటప్పుడు గాని తెలియలేదు.

పూర్వము పంతులుగారు ఎవరి ఇంటి అరుగు మీదనో బడి పెట్టేవారు. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. పెద్దపిల్లవాడు చిన్నవాడికి చెప్పేవాడు. 1822లో మద్రాసు గవర్నరు మన్రోగారు జిల్లాలవారీగా లెక్కలు తీయించినప్పుడు, అప్పట్లో విజయనగరం కూడా చేరియున్న విశాఖపట్నం జిల్లాలోనే 914 బళ్ళు తేలాయి.

దీనికి ముందే, మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే పాదిరిగారు, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశారు. తన కింది ఉపాధ్యాయులు ఆ పద్ధతికి ఒప్పుకోకపోతే, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించారు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేశారు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అని పేరు. 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ఈ పద్ధతినే పల్లెపల్లెకూ తీసుకొనిపోయింది. ఒక్క మాస్టరు వందలమందిని కనిపెట్టాలంటే గోడలు అడ్డు. అందుకే పొడుగాటి ఒంటి హాలు. విక్టోరియా రాణి కాలం వచ్చేసరికి పల్లెబడి అంటే అదే రూపము.

ఆ రూపమే తిరిగి మన ఊళ్ళకు వచ్చింది. విశాఖపట్నంలో లండన్ మిషనువారు 1805 నుండి ఉన్నారు. 1875లో భీమునిపట్నం చేరిన కెనడా బాప్టిస్టు మిషనెరీలు తరువాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరములలో పని మొదలుపెట్టారు. నోవా స్కోషియా నుండి వచ్చిన చర్చిల్ దొరగారు, మెటిల్డా దొరసానిగారు 1879లో బొబ్బిలిలో కాపురం పెట్టారు. దొరసానిగారు అక్కడ ఆడపిల్లలకు బడి నడిపారు. 1854 నాటి ఉడ్ దొర విద్యా ప్రణాళిక తరువాత సర్కారు గ్రాంటు దొరకడంతో ఇన్‌స్పెక్టరు రాకపోకలు, హాజరు పట్టీలు వచ్చాయి. గది కూడా ఆయన కంటికి ఆనాలి!

నమూనా సీమది కావచ్చు, కట్టడం మాత్రం మనవారి చేతిది. గానుగసున్నముతో లేపిన మందపాటి ఇటుక గోడలు, ఉక్క పోవడానికి ఎత్తైన కప్పు, తాటిదూలాలు, గూనపెంకు, చుట్టూ వసారా. సీమలో చలికి పొయ్యిగూడు పెట్టిన చోట ఇక్కడ ఎదురెదురు తలుపులు పెట్టారు. ఆ వసారాను చూస్తే నాకు మన పాత అరుగే మళ్ళీ వచ్చినట్లుంటుంది.

ఒక్క తేడా ఉంది. అంటరానివారని ఊరి వెలుపల ఉంచిన ఇళ్ళ బిడ్డలు ఆ పాత అరుగు ఎక్కడానికి చాలా ఊళ్ళలో వీలు లేదు. హాలులో వారికి చోటు దొరికింది. అయితే మనము మరీ గొప్పలు చెప్పుకోరాదు. అగ్రకులాల ఆడపిల్లలు రావాలని మిషనువారే కొన్ని ఊళ్ళలో వారికి వేరే బడి పెట్టారు. చదువు ముందా, కలిసి కూర్చోవడం ముందా అనే ప్రశ్నకు వారికీ జవాబు తేలికగా దొరకలేదు. శతాబ్ది సంచికలో ఇది కూడా రాయవలసినదే.

ఇప్పుడు ఏ సంఘకమిటీలో చూచినా పాత హాలు పడగొట్టి స్లాబు వేద్దామనే మాట. గోడ చెమ్మ పట్టిందంటారు. సున్నపు గోడ పీల్చిన తడిని తానే బయటికి విడుస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తడి లోపలే నిలిచి ఇటుక పొడి రాలుతుంది. చాలాచోట్ల గోడ చెడినది మనము వేసిన సిమెంటు పూతవల్లనే. కమిటీ పెద్దలు మేస్త్రీని పిలిచేముందు ఆ పూత ఒక చోట గీకించి, ఒక వేసవి ఆరనిచ్చి చూడవలెనని నా మనవి.