ఏసీ కోసం వెళ్లిన కచేరీ

లక్డీకాపూల్‌కి నేను మొదటిసారి వెళ్లింది సంగీతం కోసం కాదు, ఏసీ కోసం. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మంచిది. సంగీతం గురించి రాసేవాళ్లంతా ఉయ్యాల్లో ఉండగానే త్యాగరాజ కీర్తనలు విన్నట్టు రాస్తారు. మా ఇంట్లో అలాంటిదేమీ లేదు.

2012 మే నెల. అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. మైత్రీవనం వెనక సందులో హాస్టల్, పై అంతస్తు, గదిలో ఐదు మంచాలు, ఒక ఫ్యాను. కరెంటు పోతే ఆ ఫ్యానూ లేదు. మార్కాపురం దగ్గర మా ఊళ్లో ఎండలు ఇంతకంటే తక్కువేం కాదు గానీ, అక్కడ ఒక వేపచెట్టూ దాని కింద ఒక నులక మంచమూ ఉండేవి. ఇక్కడ సాయంత్రం ఆరైనా గోడలు సెగ కక్కుతూనే ఉండేవి. నాన్న మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో కోర్సు ఫీజు కట్టాను. ఆ వారంలో రెండు ఇంటర్వ్యూలు పోయాయి.

"రవీంద్రభారతికి పోదాం రారా. ఫ్రీ. లోపల చల్లగా ఉంటది," అన్నాడు రూమ్మేట్. ఏం ప్రోగ్రామో వాడికీ తెలీదు. బస్సెక్కి పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్లో దిగాం. అక్కడినుంచి అసెంబ్లీ వైపు నడక. తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు. చివరి వరసలో కూర్చున్నాం.

మొదటి ముప్పావు గంట సన్మానాలు. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫొటో. మళ్లీ శాలువా. సభకు నమస్కారం అన్న ప్రతి ఒక్కరూ "రెండే రెండు మాటలు" అంటూ మొదలుపెట్టారు. కచేరీ మొదలయ్యేసరికి నేను నిద్రపోయాను. నెలరోజుల తర్వాత పట్టిన మంచి నిద్ర అది.

మెలకువ వచ్చేసరికి పాట ఆగిపోయి ఉంది. మృదంగం ఒక్కటే మోగుతోంది. పక్క సీట్లో ఒక పెద్దాయన తొడమీద చేత్తో లెక్క వేసుకుంటున్నాడు.

"నిద్ర వట్టిందా తమ్మీ?"

సిగ్గుపడి లేదండీ అన్నాను.

"పర్లే. పాట వినుకుంట పంటే తప్పేం లేదు. గీ తని ఆవర్తనం టైముకు మాత్రం లెవ్వాలె."

ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని నా తొడమీదే వేయించాడు. ఒక దెబ్బ. తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు. నాలుగయ్యాయి. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ఆదితాళం. మృదంగం ఎటెటో పోతుంది, నువ్వు మాత్రం ఎనిమిది వదలకు అన్నాడు. వదిలేశాను. "ఏం గాదు, మళ్ల ఒకటి కాడికి రా," అన్నాడు. చివర్లో మూడుసార్లు ఒకే ముక్తాయింపు వాయించి మృదంగం సరిగ్గా అనుకున్న చోటికి వచ్చి పడినప్పుడు నా చెయ్యి కూడా అక్కడే ఉంది. హాలంతా చప్పట్లు. ఆ నెలలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనిపించింది.

ఆయన ఏజీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారని తర్వాత తెలిసింది. ఆ ఆఫీసు అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. ఆ చిన్న సంగతి వెనక ఈ హాలు చరిత్ర సగం ఉందని అర్థం కావడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

*

దక్షిణాదిలో సంగీతానికి ఊరికో రుతువు ఉంది. మద్రాసుది డిసెంబర్. 1927లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు దాంతోపాటు సంగీత సదస్సు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే మ్యూజిక్ అకాడమీ మొదలైంది. చలికాలపు సెలవులూ మార్గశిర మాసమూ కలిసి ఒక "సీజన్" తయారైంది. బెంగళూరుది వేసవి. చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచీ రామనవమికి పందిరి వేసి వారాల తరబడి కచేరీలు పెడుతోంది.

మరి హైదరాబాద్‌ది ఏ రుతువు? ఏదీ లేదనే అనుకుంటారు చాలామంది. కానీ క్యాలెండర్ తీసి చూడండి. త్యాగరాజు పుట్టింది 1767 మే 4న. అన్నమయ్య జయంతి వైశాఖ పూర్ణిమ, అంటే దాదాపు ఎప్పుడూ మే నెలలోనే. టాగోర్ పుట్టింది 1861 మే 7న. పైగా బడులకు సెలవులు. ఏడాదంతా పాట, నాట్యం నేర్చుకున్న పిల్లలను గురువులు వేదిక ఎక్కించేది అప్పుడే. తాతలు, అమ్మమ్మలు, వీడియో తీసే బాబాయిలు, అందరూ వస్తారు. ఎవరూ సీజన్ అని పేరు పెట్టలేదు గానీ, మన వేసవి సాయంత్రాలు సంగీతంతో నిండే ఉంటాయి.

ఏసీలు రాకముందు ఈ సంగీతమంతా ఆరుబయట, రాత్రిపూట. మా ఊళ్లో శ్రీరామనవమికి వేసే తాటాకు పందిరి, తెల్లారిందాకా హరికథ, పానకం, విసనకర్రలు. హైదరాబాద్‌లో దానికి ఇంకో రూపం కూడా ఉంది. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి వైపు కాస్త నడిస్తే యూసుఫైన్ దర్గా. ఆ ఆవరణలో కవ్వాలీ వినడానికి మతం అడిగేవాళ్లు లేరు, టికెట్ అడిగేవాళ్లూ లేరు. ఈ నగరపు కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబం ఇప్పటికీ పాడుతోంది. చిన్నప్పుడే నిజాం దర్బారులో పాడిన విఠల్‌రావు గజల్ గాయకుడిగా ఈ ఊరి గొంతు అయ్యాడు. తెలుగు పేరు, ఉర్దూ పాట. 2015లో చనిపోయేదాకా ఆయన దగ్గర నేర్చుకోని గజల్ గాయకులు ఇక్కడ తక్కువ.

ఈ రెండు లోకాలనూ ఒక గదిలోకి తెచ్చింది రేడియో. నిజాం కాలంలో దక్కన్ రేడియో ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా వినిపించేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయింది. తర్వాత సైఫాబాద్‌లో స్థిరపడింది, అంటే లక్డీకాపూల్ పక్కనే. రికార్డింగు సౌకర్యాలు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో పాట అంటే స్టూడియోలో కూర్చుని అప్పటికప్పుడు పాడటమే. మహాభాష్యం చిత్తరంజన్ లాంటివాళ్లు లలిత సంగీతాన్ని ఇంటింటికీ నేర్పింది ఆకాశవాణి నుంచే. అటు రాంకోటిలో 1952 నుంచి ప్రభుత్వ సంగీత కళాశాల నడుస్తోంది.

పాడేవాళ్లున్నారు. నేర్పేవాళ్లున్నారు. లేనిది ఎవరైనా వచ్చి కూర్చోగలిగే ఒక పెద్ద గది.

*

అది వచ్చిన తీరు విచిత్రం. 1961 టాగోర్ శతజయంతి. ఆ సందర్భంగా ఆయన పేరుతో రాష్ట్ర రాజధానుల్లో సాంస్కృతిక భవనాలు కట్టాలని కేంద్రం తలపెట్టింది. కలకత్తాలో రవీంద్ర సదన్, లక్నోలో రవీంద్రాలయ, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, బొంబాయిలో రవీంద్ర నాట్యమందిర్ అలా వచ్చినవే. కానీ చాలాచోట్ల శతజయంతి దాటిపోయాక గానీ భవనం లేవలేదు. బెంగళూరుది తెరిచింది 1963లో. మన రవీంద్రభారతి మాత్రం 1961 మే నెలలోనే సిద్ధమైంది. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య. హాలు కూడా పుట్టింది మేలోనే, నడి వేసవిలో.

టాగోర్‌కి తెలుగు నేలతో పాటల బంధమే ఉంది. 1919లో మదనపల్లె బీసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే ఆయన జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. అక్కడే మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరాల్లో రాసిపెట్టింది. 1933లో హైదరాబాద్ వచ్చి బంజారాహిల్స్‌లో బస చేశాడు. అయితే లక్డీకాపూల్ దగ్గర ఆయన పేరుతో హాలు కట్టింది ఆ బంధం చూసి కాదు. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం అది. ప్రభుత్వ పథకాల్లో అప్పుడప్పుడూ ఇలాంటి మంచి కూడా జరుగుతుంది.

ఆ హాలు పనిచేసింది మాత్రం దాని చోటు వల్ల. 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి మారింది. దాంతోపాటు గుమాస్తాలు, టైపిస్టులు, సెక్షన్ ఆఫీసర్లు కుటుంబాలతో సహా తరలివచ్చారు. కర్నూలు నుంచి వచ్చినవాళ్లు, అప్పటికే ఇక్కడున్న ఉర్దూ మీడియం ఉద్యోగులు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. సచివాలయం, అసెంబ్లీ, ఏజీ ఆఫీసు, ఆకాశవాణి అన్నీ ఇక్కడికి నడక దూరంలోనే. ఐదింటికి, ఐదున్నరకు ఆఫీసు వదులుతారు. క్యాంటీన్‌లో టీ. ఆరింటికి హాలు. ఇప్పటికీ సాయంత్రం ఆరింటికే కార్యక్రమం అని కార్డుల మీద వేసే అలవాటు నాకు ఆ ఆఫీసు గంటల గుర్తులాగే కనిపిస్తుంది. ఏజీ ఆఫీసు ఉద్యోగులైతే "రంజని" పేరుతో సొంత సాహిత్య సంస్థే నడిపారు. లెడ్జర్లు మూసి కవిత్వం చదివినవాళ్లు కచేరీ కూడా వింటారు కదా.

అంటే ఈ నగరంలో శ్రోతలను తయారుచేసింది జమీందార్లు కాదు, పెద్ద సభల సభ్యత్వ కార్డులూ కాదు. నెలజీతం మీద బతికే, స్కూటర్ కూడా లేని మనిషి ఇంటికి పోయేదారిలో లోపలికి తొంగిచూసి కూర్చోగలిగిన ఒక తలుపు. నా పక్కన కూర్చున్న పెద్దాయన అలా వచ్చినవాడే. "ఫస్టు ఫస్టు నాకు గూడ ఏం సమజ్ గాలే. బస్సులల్ల రష్షు తగ్గిందాక కూసుందామని వచ్చేటోణ్ని," అన్నాడు ఒకరోజు. నేను ఏసీ కోసం వచ్చాను, ఆయన రష్షు తగ్గడం కోసం వచ్చాడు.

*

ఆ వేసవంతా వెళ్లాను. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు. శాస్త్రీయ సంగీతం ఒకరోజు, ఘంటసాల పాటలు ఇంకోరోజు, కూచిపూడి పిల్లలు మరోరోజు. కొన్ని నిజంగా బాలేవు. కీబోర్డు శబ్దంలో గాయని గొంతు మునిగిపోయేది. మూడు గంటల కార్యక్రమంలో గంటన్నర సన్మానాలే పోయేవి. పేరున్న సినిమా వాళ్లు వచ్చే రోజుల్లో పాసులు లేనివాళ్లను బయటే ఆపేవారు. తలుపు అందరికీ తెరిచే ఉంటుందన్న మాటకు ఈ మినహాయింపులు చెప్పకపోతే అబద్ధం అవుతుంది. హాలు అద్దె, మైకు, లైట్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ భరించినవాళ్లకు వేసేదే ఆ శాలువా. అది అర్థమయ్యాక ఉపన్యాసాల మీద కోపం కాస్త తగ్గింది. నా ఉచిత సీటు ఖరీదు ఆ ముప్పావు గంట.

ఇప్పుడు "లైవ్ మ్యూజిక్" అంటే మన వయసు వాళ్లకు గుర్తొచ్చేది జూబ్లీహిల్స్, గచ్చిబౌలి. యాప్‌లో టికెట్, కవర్ చార్జి, చేతికి బ్యాండ్. అక్కడ మంచి బ్యాండ్లున్నాయి, నేనూ వెళ్తాను. తెలుగులో సొంత పాటలు రాసుకుని పాడే కుర్రాళ్లను మొదట చూసింది అలాంటి చోటే. కానీ అక్కడికి వెళ్లాలంటే ఏం వినబోతున్నానో ముందే తెలియాలి, డబ్బు ముందే ఉండాలి. ఏమీ తెలియకుండా, జేబులో బస్సు చార్జీ మాత్రమే పెట్టుకుని వచ్చేవాడికి అక్కడ చోటు లేదు. 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటి ఆవరణలో మొదలైన లామకాన్ ఆ లోటును కొంత తీర్చింది. ఆరుబయట, టీ, సమోసా, ఎవరైనా రావచ్చు. మనకు తెలియకుండానే దర్గా ఆవరణకూ రామనవమి పందిరికీ వారసురాలది.

నాకు భయమేమిటంటే, ఉచిత తలుపులు మూతపడితే సంగీతం చచ్చిపోతుందని కాదు. అది ఫోన్లలో హాయిగా బతుకుతుంది. పొరపాటున లోపలికి వచ్చేవాడు లేకుండా పోతాడు. కావాలని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒక ఊరి శ్రోతలు పెరిగేది మాత్రం పొరపాటున వచ్చి కూర్చుండిపోయిన వాళ్లతోనే.

నాకు ఉద్యోగం ఆ ఏడాది నవంబర్‌లో వచ్చింది. దానికీ ఆదితాళానికీ ఏ సంబంధమూ లేదు. ఊరికి తిరిగి వెళ్లిపోదామని అనుకున్న రోజుల్లో సాయంత్రాలకు వెళ్లడానికి ఒక చోటుంది, అంతే. అది తక్కువేం కాదు. ఆ పెద్దాయన మరుసటి వేసవికి కనిపించలేదు. ఫోన్ నంబరు అడిగి పెట్టుకోవాలని ఎప్పుడూ తోచలేదు. రేపు ఎలాగూ వస్తాడు కదా అనుకునేవాణ్ని.

ఇప్పుడు అమీర్‌పేట నుంచి మెట్రోలో లక్డీకాపూల్ నాలుగో స్టేషన్. 2018 సెప్టెంబర్ నుంచి బస్సుల రష్షు తగ్గేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. రాగాలు నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తుపట్టడం రాదు. కల్యాణి అనుకున్నది శంకరాభరణం అవుతుంది. కానీ తని ఆవర్తనం మొదలవగానే చెయ్యి దానంతటదే తొడమీదకు పోతుంది.

ఈ మేలో హాస్టల్ గదిలో ఉక్కపోస్తుంటే వెళ్లండి. కార్డు మీద ఆరింటికి అని ఉంటుంది. అతిథులు వచ్చేసరికి ఆరున్నర, శాలువాలు అయ్యేసరికి ఏడుంబావు. అప్పటిదాకా కావాలంటే ఓ కునుకు తీయొచ్చు.