పటికబెల్లంలా రాలిన వెనకద్దం

నార్కట్‌పల్లి దాటాక టీ కోసం ఆగాం. రోడ్డు పక్కన గడ్డి కోసే మిషన్ రొద పెడుతోంది. మా బావమరిది బండికి తాళం వేసి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. తిరిగి చూస్తే ఎస్‌యూవీ వెనకద్దం నిండా మంచు పట్టినట్టు తెల్లబడి ఉంది. రెండు క్షణాలు అలాగే నిలబడి, మధ్యలోంచి జలజలా రాలిపోయింది. ‘‘రాయి ఎక్కడ తగిలిందో కూడా తెలియట్లేదు బావా’’ అన్నాడు వాడు బిత్తరపోయి. డిక్కీలో వెతికితే చింతగింజంత కంకర రాయి దొరికింది. గడ్డి మిషన్ బ్లేడు విసిరిన రాయి అది. అంత అద్దాన్ని అంత చిన్న రాయి నేలపాలు చేసింది.

సీట్ల మీద పడిన ముక్కలు రెండు చేతులా ఎత్తిపోశాం. ఒక్క వేలూ తెగలేదు. అన్నీ పటికబెల్లం పలుకుల్లా మొద్దు అంచులతో ఉన్నాయి. అంతకు ఏడాది ముందు ఇదే బండి ముందద్దానికి లారీ టైరు కింది రాయి తగిలినప్పుడు చిన్న నక్షత్రం లాంటి మచ్చ పడిందంతే. పావుగంటలో రెజిన్ నింపి ఇచ్చేశారు. ఒకే బండికి ముందూ వెనకా ఉన్న రెండు అద్దాలు ఇంత వేరుగా ప్రవర్తించడం నన్ను చాలా రోజులు వదల్లేదు. చదువుతూ పోతే వెనకద్దం కథ మూడున్నర శతాబ్దాల వెనక్కి, ఒక రాజుగారి ఆటవస్తువు దగ్గరికి తీసుకెళ్లింది.

ఇంగ్లాండు రాజు రెండో చార్లెస్‌కు ప్రిన్స్ రూపర్ట్ మేనత్త కొడుకు, మన వరసలో బావ. ఈ సేనాని జర్మనీ నుంచి తెచ్చిన గాజు బొట్లను రాజు 1661లో రాయల్ సొసైటీ పండితులకు పంపాడు. కరిగిన గాజు చుక్కను నీళ్లలోకి జారవిడిస్తే గట్టిపడే బొట్టు అది. చూడ్డానికి తోకకప్పలా ఉంటుంది. తల మీద సుత్తితో కొట్టినా చలించదు. దారంలాంటి తోకను చిటుక్కున విరిస్తే మాత్రం మొత్తం బొట్టు పిండిపిండిగా పేలిపోతుంది. రాజాస్థానంలో అది వినోదం. శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌కు మాత్రం అదొక ప్రశ్న అయింది.

1665లో వచ్చిన తన పుస్తకం ‘మైక్రోగ్రాఫియా’లో హుక్ ఈ బొట్ల గురించి వివరంగా రాశాడు. ఆయన చేసిన పని నాకు మహా ముచ్చటగా అనిపిస్తుంది. పేలిన ముక్కలు ఎగిరిపోతే పగుళ్ల తీరు తెలియదు కదా! అందుకని బొట్టుకు ముందే చేపజిగురు పట్టించి, ఆ తర్వాత తోక విరిచాడు. ముక్కలు ఎక్కడివక్కడే అతుక్కుని ఉన్నాయి. లోపల పగుళ్లు ఎలా పాకాయో చూసి బొమ్మ గీశాడు. పగిలిన గాజును జిగురు పట్టి నిలుపుతుందన్న ఈ సంగతి మళ్లీ మనకు అవసరం పడుతుంది. నీళ్లలో పడ్డ బొట్టు పైపొర ముందు గట్టిపడుతుందనీ, లోపలి గాజు తర్వాత చల్లారుతూ ఇరుక్కుపోతుందనీ హుక్ ఊహించాడు. చాలా వరకు సరైన ఊహే.

నవారు మంచం చూసిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. నవారు బిగించి లాగినప్పుడు నవారులో లాగుడు ఉంటుంది, మంచం పట్టెల్లో నొక్కుడు ఉంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. గాజు బొట్టులోనూ అంతే. పైపొర ముందు బిగుసుకుంది. లోపలిది చల్లారుతూ కుదించుకుపోవాలని చూస్తుంది, పైపొర పోనివ్వదు. దాంతో లోపల లాగుడు, పైన నొక్కుడు. మామూలు గాజు పగిలేది దాని ఒంటి మీద ఉండే కంటికి కనిపించని గీతలు తెరుచుకోవడం వల్ల. పైపొర నొక్కుడులో ఉంటే ఆ గీతలు తెరుచుకోలేవు. అందుకే అంత బలం. ఒక్క గీత ఎలాగో పైపొర దాటి లోపలి లాగుడు దాకా వెళ్లిందా, నవారు పుటుక్కున తెగినట్టే. పగులు చీలుతుంది, ఆ చీలిక మళ్లీ చీలుతుంది, దాచిపెట్టిన శక్తి అంతా ఒక్కసారి బయటపడుతుంది.

ఎంత వేగంగా? 1994లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీనివాసన్ చంద్రశేఖర్, కేంబ్రిడ్జికి చెందిన చౌధ్రీ అతివేగ కెమెరాతో ఈ పేలుడును పట్టారు. పగులు సెకనుకు 1,450 నుంచి 1,900 మీటర్ల వేగంతో పరుగెత్తింది. 2017లో ఎస్టోనియాలోని టాలిన్ పరిశోధకులతో కలిసి వీళ్లే, బొట్టు తల పైపొరలో నొక్కుడు 700 మెగాపాస్కల్స్ దాకా ఉంటుందని తేల్చారు. వాతావరణ పీడనానికి దాదాపు 7,000 రెట్లు! రాజుగారి ఆటవస్తువుకు పూర్తి జవాబు దొరకడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది.

జవాబు తెలియక ముందే దాన్ని పనిలో పెట్టినవాళ్లు ఉన్నారు. 1874లో ఫ్రాన్స్‌కు చెందిన రోయే ద లా బాస్టీ, ఎర్రగా కాలిన గాజును వేడి నూనె, కొవ్వుల తొట్టిలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ గాజుతో గ్లాసులు, పళ్లేలు చేసి అమ్మారు. కింద పడినా పగలనివి, ఒక్కోసారి బల్ల మీద ఊరికే ఉండి పేలేవి. నూనెలో చల్లార్చడం అన్నిచోట్లా ఒకేలా జరగదు. పెద్ద పలకలకైతే అసలు కుదరదు. ఈ చిక్కు విప్పింది గాలి. 1920ల చివర, 1930ల్లో ఫ్రాన్స్‌లోని సెయింట్ గోబైన్ లాంటి కంపెనీలు వేడి గాజు పలకకు రెండు వైపులా వందల సన్నటి గొట్టాల్లోంచి చల్లగాలి కొట్టి గట్టిపరచడం మొదలుపెట్టాయి. ఇవాళ్టికీ పద్ధతి అదే. కోసి, అంచులు నునుపు చేసి, చిల్లులు పెట్టిన అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేసి, వంపు తిప్పి, క్షణాల్లో గాలి కొట్టి చల్లారుస్తారు. మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలంగా తయారవుతుంది.

ఒక్కసారి గట్టిపడ్డాక మాత్రం దాన్ని కోయలేం, చిల్లి పెట్టలేం, అరగదీయలేం. వైపరు కోసం చిల్లి కావాలంటే ముందే ఉండాలి. వెనకద్దానికి మరమ్మతు అన్న మాటే లేకపోవడానికి కారణం ఇదే. చిన్న మచ్చ పడి నిలిచే రకం కాదది. ఉంటే మొత్తం ఉంటుంది, లేకుంటే మొత్తం పోతుంది.

అది ఎలా పోవాలన్నదానికీ ఒక కొలత ఉంది. వాహనాల అద్దాలపై ఐక్యరాజ్యసమితి నియమావళి 43వ నంబరు ప్రకారం, అద్దాన్ని కావాలని పగలగొట్టి, 5 సెంటీమీటర్ల చదరంలో ముక్కలు లెక్కపెడతారు. 40కి తగ్గకూడదు. తగ్గితే ముక్కలు పెద్దవని, పొడుచుకుంటాయని అర్థం. నార్కట్‌పల్లి దగ్గర రాలకుండా అతుక్కుని పడిన ముక్క ఒకటి ఇంటికి తెచ్చాను. అగ్గిపెట్టెంత చోట లెక్కపెడితేనే నలభై దాటాయి. మనుషుల మెడలూ చేతులూ తెగకుండా ఉండాలని, ఇన్ని ముక్కలుగానే పగలాలని, ఎవరో ముందే కూర్చుని ఆలోచించి చేసిన అద్దం అది.

మరి ముందద్దం? దాని పుట్టుక వేరు. 1903లో పారిస్‌లో ఎదువార్ బెనెదిక్తూస్ అనే చిత్రకారుడు, రసాయన శాస్త్రజ్ఞుడు, ఎత్తైన అరలోంచి ఒక సీసా కిందపడటం చూశాడు. పగిలింది కానీ ముక్కలు విడిపోలేదు. ఎప్పుడో దాంట్లో ఉన్న సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఎండిపోయి లోపల పొరలా అంటుకుని ఉంది. హుక్ చేపజిగురు మళ్లీ పుట్టినట్టే! 1909లో ఆయన రెండు గాజు పలకల మధ్య పొర పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకుని దానికి ‘ట్రిప్లెక్స్’ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల విషవాయు ముసుగుల కళ్లద్దాలకు ఈ గాజే వాడారు. ఫోర్డ్ 1927 చివర తెచ్చిన మోడల్-ఎ కారుతో సామాన్యుడి బండికీ ఆ ముందద్దం వచ్చింది. తొలినాటి పొర ఎండకు పసుపెక్కేది. తర్వాత వచ్చిన పీవీబీ అనే ప్లాస్టిక్ పొరే ఇవాళ మన ముందద్దాల్లో ఉన్నది.

మన దేశంలో చాలాకాలం ముందువైపు కూడా గట్టిపరిచిన అద్దాలే ఉండేవి. మా నాన్న నడిపిన అంబాసిడర్ ముందద్దం కోదాడ దగ్గర ఒక రాత్రి తెల్లబడి రోడ్డు కనిపించకుండా పోయింది. ఆయన తుండుగుడ్డ చుట్టిన పిడికిలితో కన్నం పొడిచి, అందులోంచి చూస్తూ బండిని పక్కకు తీశాడు. ఆ తరం డ్రైవర్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. తొంభైల్లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ముందద్దం పొర వేసిన లామినేటెడ్ రకమే ఉండాలని పట్టుబట్టాయి. ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో లెక్కకు అందని నిబంధనల్లో ఇదొకటని నా నమ్మకం.

ఇక మా బండి సంగతి. వెనక ప్లాస్టిక్ కవరు అంటించి హైదరాబాదు దాకా వచ్చేశాం. అది తప్పని తర్వాత తెలిసింది. వెనక తెరిచి ఉన్న బండి పరుగెత్తేటప్పుడు సైలెన్సర్ పొగను లోపలికి లాక్కుంటుంది. కవరు సందులు లేకుండా బిగించాలి, కిటికీలు కొంచెం దించాలి, నెమ్మదిగా పోవాలి.

అద్దాల షాపులో పని చేసిన మెకానిక్‌కు యాభై ఏళ్లుంటాయి. పాత జీపులకు, అంబాసిడర్లకు రబ్బరు బీడింగ్ ఉండేదనీ, బీడింగ్ గాడిలో తాడు చుట్టి లోపలి నుంచి లాగుతూ అద్దం ఎక్కించేవాళ్లమనీ చెప్పాడు. ఇప్పుడంతా సీలెంట్‌తో అతికించే పేస్టింగ్. ముందు డిక్కీ డోరు లోపలి ప్యానెల్ ఊడదీసి, డోరు కడుపులో పడిన పలుకులు వాక్యూమ్‌తో లాగాడు. ఆ పని వదిలేస్తే డోరు వేసినప్పుడల్లా గలగలలాడతాయి, నీళ్లు పోయే చిల్లులకు అడ్డం పడి తుప్పు తెస్తాయి. పాత యురేథేన్ సీలెంట్‌ను రేకు దాకా గీకకుండా పలచటి పొర మిగిల్చి కోశాడు. కొత్తది ఆ పాతదాని మీదే బాగా పట్టుకుంటుందట. రేకు బయటపడిన చోట ప్రైమర్ రాశాడు. ఆ తర్వాతే సీలెంట్ ధార పోసి, సక్షన్ కప్పులతో అద్దం ఎత్తి కూర్చోబెట్టి టేపు వేశాడు. అద్దానికి పట్టిన ఆవిరిని పోగొట్టే డీఫాగర్ పిన్నులు తగిలించి స్విచ్ వేసి, అద్దం మీది గోధుమరంగు గీతలు వెచ్చబడ్డాయో లేదో అరచేత్తో తడిమి చూశాడు. ఆ గీతలు వెండి కలిపిన లేపనంతో అచ్చువేసి గాజులోకి కాల్చినవి. అంచున ఉండే నల్లపట్టీ కూడా అలా కాల్చిన ఎనామెలే. సీలెంట్ ఎండకు చెడకుండా అది గొడుగు పడుతుంది.

‘‘ఇయాల డోరు గట్టిగ ఏయకండి సార్. ఒక కిటికీ రెండు వేళ్లంత దించి పెట్టండి’’ అన్నాడు. అద్దాలన్నీ ఎత్తి ఉండగా డోరు దబాలున వేస్తే లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి తోస్తుంది. సీలెంట్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి ఎండిపోయిన వేసవిలో వానాకాలం కంటే ఆలస్యమవుతుందనీ చెప్పాడు. నేను పుస్తకాల్లో వెతికి తెలుసుకున్నదంతా ఆ మనిషి చేతుల్లో ఉంది. ఇలాంటి పనివాళ్ల దగ్గర తొందర పెట్టడం, బేరం కోసం సీలెంట్ నాణ్యత తగ్గించమనడం మనకు మనం చేసుకునే హాని.

కొత్త అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించమని బావమరిది అడిగాడు. వద్దన్నాను. నిబంధనల ప్రకారం వెనకద్దంలోంచి 70 శాతం, పక్కద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించింది కూడా.

కొత్త అద్దం కింది మూలన చిన్న ముద్ర ఉంది. ప్రతి బండి ప్రతి అద్దానికీ ఉంటుంది. అది టెంపర్డా (అంటే గట్టిపరిచినదా) లామినేటెడా ఆ ముద్రలో చూడొచ్చు. నీళ్లలో చిక్కుకున్న బండిలోంచి బయటపడాల్సి వస్తే పగిలేది టెంపర్డ్ అద్దమే. అదీ మధ్యలో కొడితే లొంగదు, మూలన మొనదేలిన సుత్తితో కొట్టాలి. పొర వేసిన లామినేటెడ్ అద్దం పగిలినా దారి ఇవ్వదు. ఈమధ్య కొన్ని బండ్లకు పక్కద్దాలు కూడా లామినేటెడ్‌వే వస్తున్నాయి. ఈ వానాకాలం లోపు ఒకసారి మీ బండి చుట్టూ తిరిగి ఆ ముద్రలు చదవండి. పగిలే అద్దం ఏదో ఇంట్లో అందరికీ చూపించండి. సుత్తిని డిక్కీలో కాకుండా డ్రైవరు చేతికి అందేచోట పెట్టుకోండి.