నల్లమల మూలికయు నల్లరేగడి మృత్తికయు : ఔషధచరిత్ర విమర్శము

నల్లమల కొండలకు పడమటిదిక్కున, కుందేటి పరీవాహప్రదేశమున నున్న నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలు 2022 ఏప్రిలు 4వ తేదీనుండి నంద్యాల జిల్లాయందున్నవి. అంతకుముందు కర్నూలు జిల్లాయందలివి. ఈ సీమకు రెండు సంపదలు గలవు. ఒకటి యడవియందలి మూలిక, రెండవది పొలమునందలి నల్లరేగడి. వైద్యమును గూర్చి ముచ్చటించువారు తఱచుగా మూలికను ప్రకృతిదత్తమనియు, క్రిమినాశకములగు యాంటీబయాటిక్ మందులను కృత్రిమములనియు విభజించుచుందురు. ఈ విభాగము చరిత్రకు నిలుచునా యనుట విచారణీయము.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికేఁగుచు అహోబిల మహానంది క్షేత్రములను దర్శించెను. గత్తర యనఁబడు వాంతిభేదికి నిజమైన హేతువేదో నాఁటి లోకమున కింకను తెలియదు. పల్లెలయందు గ్రామదేవత కోపమనిరి. సీమవైద్యులలో పెక్కండ్రు చెడుగాలి యనిరి. పిదప 1876–78 నాఁటి ధాతకరవున కర్నూలు జిల్లా మిక్కిలి నష్టపడెను. 1871 నాఁటి జనసంఖ్యతో పోల్చిచూడ 1881 నాఁటికి జిల్లాజనులలో నాలుగవవంతు తగ్గియుండిరి. ఈ నష్టమునకు ఆఁకలి యొక్కటియే కారణము కాదు. క్షీణించిన దేహములను రోగములు గొనిపోయెను. 1884లో రాబర్టు కాఖ్ కలకత్తాయందు వాంతిభేది క్రిమిని రోగుల ప్రేవులయందును, చెఱువునీటియందును కనుఁగొనిన పిమ్మట నీటికిని ఆ రోగమునకును గల సంబంధము దృఢపడెను.

ఆళ్ళగడ్డకు సమీపమునందలి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 19వ శతాబ్దపు కరవుకాలమున వేలమందికి అన్నము పెట్టి ప్రాణములు నిలిపెను. కరవునాఁడు పేదలకు దిక్కైనవి గంజియు అంబలియు. వానిలో గంజికి వైద్యమునందును చోటు గలదని తరువాతికాలమున తేలినది. వాంతిభేది క్రిమి విడుచు విషము ప్రేవులనుండి నీటిని వెడలించునని 1959లో కలకత్తా వైద్యుఁడు శంభునాథ డే నిరూపించెను. ఉప్పును చక్కెరయు తగుపాళ్ళలో కలిపిన నీటిని ఆ ప్రేవులే మరల గ్రహింపఁగలవు. 1971లో దిలీప్ మహలనబీస్ వంగదేశపు సరిహద్దునందలి బన్‌గాఁవ్ శరణార్థి శిబిరమున ఈ నీటిని త్రాగించుటచే, నూటికి ముప్పదివఱకునుండిన మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. చక్కెరకు మాఱుగా బియ్యపుపిండి నుడికించి చేర్చినను వాంతిభేదియందు మేలుగా పనిచేయునని పిదప పరీక్షలవలన తేలెను. గంజి క్రిమిని చంపదు, రోగిని బ్రదికించును. ఉప్పు పాలు తప్పెనా యా ఫలము కలుగదు.

ఇఁక తేనె. నల్లమలయందలి చెంచులు తేనెపట్టులు దీయుటలో నేర్పరులు. తేనెయందలి చక్కెర క్రిమిదేహమునందలి నీటిని లాగివేయును. దాని పులుపును, దానియందు పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడును క్రిములకు ప్రతికూలములు. కాలినపుండ్లలో లోఁతు లేనివి తేనెకట్టుచే త్వరగా మానునని వైద్యపరీక్షలు చూపినవి. ఐనను ఆ గుణము పైపుండునకే కాని, రక్తమునఁ బ్రవేశించిన క్రిమికిఁ గాదు. వేప, పసుపులును ఇట్టివే. గాజుపాత్రయందు వీని సారములు పెక్కు క్రిములను అణఁచును. కాని పసుపునందలి కర్క్యుమిన్ ప్రేవులనుండి రక్తమునకు చేరునది అత్యల్పము. వేపపుల్ల దంతములకు హితమే. వేపనూనె పసిబిడ్డలకు త్రాగించుట ప్రాణాపాయకరము. ఒకే వృక్షమునందు హితాహితములు రెండును గలవు.

ఈ రెండు మార్గములను ఒక జీవితమున చూచినవాఁడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించిన యీయన చెన్నపురి వైద్యకళాశాలలో పాశ్చాత్యవైద్యము చదివి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించెను. అనంతరము అమెరికాయందలి లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షుఁడయ్యెను. ఆయన యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ మిస్సోరి రాష్ట్రపు పొలములోని మట్టియందు స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవిని గుర్తించి, దానినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. అది 1948లో వెల్లడియయ్యెను. ఆ యేఁటి ఆగస్టుననే సుబ్బారావు గతించెను. టెట్రాసైక్లిన్ వర్గమునకు మొదటిదైన యీ మందు బహువిధ క్రిములపై పనిచేసెను. 1994లో సూరతునందు మహామారి భయము పుట్టినపుడు ఆ వర్గపు మందులే జనులకాధారమయ్యెను.

స్ట్రెప్టోమైసిస్ జాతి యెక్కడిదో కాదు. తొలకరి చినుకు పడిన నేలనుండి లేచు సువాసనకు ముఖ్యకారణము ఆ జాతివారు పుట్టించు పదార్థమే. నల్లరేగడియు ఆ సువాసనకు దూరము కాదు. కాఁబట్టి యాంటీబయాటిక్కులలో పెక్కులు మృత్తికాజన్యములు, మూలికవలెనే ప్రకృతి సంతానములు. భేదమెచ్చట నన్నచో, సారమును వేఱుపఱచుటయందును, మోతాదు నిర్ణయించుటయందును, రోగులపై పరీక్షించుటయందును గలదు.

అట్లని యీ మందులు అక్షయములు కావు. 1945లో నోబెలు ఉపన్యాసమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్, చాలని మోతాదు క్రిములకు ఓర్పును నేర్పునని హెచ్చరించెను. 1972లో కేరళయందలి కోళిక్కోడున సన్నిపాతజ్వరపు క్రిమి క్లోరాంఫెనికాల్ మందుకు లొంగక నిలిచెను. భారతప్రభుత్వము కొన్ని యాంటీబయాటిక్కులను వైద్యుని చీటి లేక విక్రయింపరాదని 2014నుండి ప్రత్యేకనియమము నమలుపఱచినది. కోళ్ళు మొదలగు నాహారజంతువులకు కొలిస్టిన్ వాడుటను 2019లో నిషేధించినది. జలుబువంటి వైరసు రోగములకు ఈ మందులు నిష్ఫలములని తెలిసియు వాడుట, రాఁబోవు రోగి మందును ముందుగనే చెఱచుట యగును.

మూలికను నిందించుటయు, మందును నిందించుటయు నట్లు చరిత్రజ్ఞులకు తగవు. చెంచుల వాడుకయందలి మొక్కపేరులను, తాళపత్రములయందలి యోగములను సేకరించి, ప్రతిమొక్కకును శాస్త్రనామము నిర్ణయించి, పరీక్షింపఁదగిన రూపమున నుంచుట పండితులకు సాధ్యమైన పని. పేరు తప్పిన మూలిక వైద్యునికి పనికిరాదు. వాడుక తెలిసిన వృద్ధులు గతించుచున్నారు గనుక ఈ పనికి కాలము సంకుచితము.